పాపర్‌లో తెల్ల టోకెన్ డెక్: బల్ల నిండా పిట్టలున్నా గెలవలేకపోతున్నా, ఏం తీసెయ్యాలి?

వంశధార_బుల్లోడు (గుణుపురం)

అన్నలూ, మాస్టార్లూ, పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి. మా గుణుపురం, రాయగడ కుర్రాళ్ళం కొంతమందిమి ఆదివారాలు కూర్చుని మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట ఆడతాం. పాపర్ ఒక్కటే ఆడతాం, అంటే కామన్ కార్డులతో కట్టిన డెక్కులే. రేర్ కార్డులు కొనే స్తోమత మాలో ఎవరికీ లేదు, పైగా మా వైపుకి కార్డు తెప్పించుకోవాలంటే కార్డు ఖరీదు కన్నా కొరియర్ ఖర్చే ఎక్కువవుతుంది. దసరా సెలవుల్లో బరంపురంలో చిన్న పోటీ పెడుతున్నారని తెలిసింది, దానికి వెళ్దామని నా ఉద్దేశం.

నాకు మొదటినుంచీ టోకెన్లంటే (వేరే కార్డు వేస్తే పుట్టే, డెక్కులో సొంత కార్డు లేని జీవాలు) ఇష్టం. ఒక్క కార్డు వేస్తే రెండు మూడు జీవాలు దిగుతాయి కదా, అది బావుంటుంది. ఇప్పుడు నా డెక్కులో ఉన్నవి ఇవి: రైజ్ ది అలార్మ్ 4, డ్రాగన్ ఫాడర్ 4, క్రెంకోస్ కమాండ్ 4, బాటిల్ స్క్రీచ్ 4, ట్రిప్లికేట్ స్పిరిట్స్ 4, డూమ్డ్ ట్రావెలర్ 4, స్క్వాడ్రన్ హాక్ 4, ర్యాలీ ది పెజంట్స్ 2, గార్డియన్స్ ప్లెడ్జ్ 2, లైట్నింగ్ బోల్ట్ 4, జర్నీ టు నోవేర్ 4. మానా (కార్డులు వెయ్యడానికి ఖర్చుపెట్టే శక్తి) ఇచ్చే ల్యాండ్లు 20: ప్లెయిన్స్ 10, మౌంటెన్ 6, విండ్-స్కార్డ్ క్రాగ్ 4.

ఆట మధ్యకొచ్చేసరికి నా ముందు బోలెడంత సైన్యం ఉంటుంది, అందరూ 1/1 (కొట్టేది 1, తట్టుకునేది 1) గాళ్ళే. ఎదుటోడు ఒక్క 5/5 ని నిలబెట్టాడంటే కింద నడిచే సోల్జర్లు, గోబ్లిన్లు ఎవరూ కదలరు. లేదంటే ఎర్ర డెక్ వాడు ఎలక్ట్రిక్కరీ ఓవర్‌లోడ్ చేసి (ఒక్కదానికి బదులు నా జీవాలన్నిటినీ కొట్టేలా వేసి) మూడు మానాకి మొత్తం ఊడ్చేస్తాడు. నాలుగో టర్నుకి స్క్రీచ్ చేతిలో ఉన్నా తెల్ల మానా రెండు దొరకని ఆటలూ ఉన్నాయి.

లింగరింగ్ సోల్స్ పెట్టమని ఒకడు అంటున్నాడు, అది పాపర్‌లో చెల్లుతుందా? ఇంకొకడు నా పిట్ట టోకెన్‌ని చేతికి తిప్పికొట్టి, 'నీ పిట్ట నీ చేతికొచ్చింది కదా, మళ్ళీ వేసుకో' అంటాడు. వేసుకోడానికి నా చేతిలో ఏముందని వేసుకోను? ఇంకో పేచీ కూడా ఉంది. నా దగ్గరున్న బాటిల్ స్క్రీచ్ పాత జడ్జ్‌మెంట్ సెట్‌ది, దాని గుర్తు వెండి రంగులో ఉంది. అది అన్‌కామన్ కాబట్టి తీసెయ్యమని గొడవ. ఎవరిది రైటు?

సిల్క్‌సిటీ_మాస్టారు (బరంపురం)

తమ్ముడూ, ముందు పేచీలు తేల్చేద్దాం. లింగరింగ్ సోల్స్ కుదరదు, అది అన్‌కామన్ కార్డే. బాటిల్ స్క్రీచ్ మాత్రం భేషుగ్గా చెల్లుతుంది. జడ్జ్‌మెంట్‌లో అన్‌కామన్‌గా వచ్చింది నిజమే గానీ, తర్వాత వింటేజ్ మాస్టర్స్‌లో కామన్‌గా వేశారు. 2019లో పాపర్‌ని అధికారిక ఫార్మాట్ చేసినప్పుడు కాగితం మీద గానీ మ్యాజిక్ ఆన్‌లైన్‌లో గానీ ఎప్పుడో ఒకప్పుడు కామన్‌గా వచ్చిన కార్డు అయితే చాలన్నారు. నీ చేతిలో ఏ సెట్ కాపీ ఉందన్నది లెక్కలోకి రాదు. వెండి గుర్తున్నా వేసుకో.

టోకెన్ బల్ల దాటిందంటే ఇక లేనట్టే. చేతికి తిప్పికొడితే చేతికెళ్ళి మాయం, చస్తే గ్రేవ్‌యార్డుకెళ్ళి (చచ్చిన, వాడేసిన కార్డుల కుప్ప) మాయం. అయితే చచ్చినప్పుడు గ్రేవ్‌యార్డుకి నిజంగానే వెళ్తుంది, అందుకని 'చనిపోయినప్పుడు' అని ఉన్న కార్డులన్నీ పనిచేస్తాయి. కాసేపు ఎగ్జైల్ చేసి (ఆట బయట పెట్టి) మళ్ళీ దింపే మంత్రాలు టోకెన్ మీద పడినా అది తిరిగి రాదు.

ఇక డెక్ సంగతి. నీ దగ్గర టోకెన్లు తక్కువై కాదు బాధ, ఎక్కువై. ఆ టోకెన్ల రంగులు కూడా ఒకదానికొకటి పడట్లేదు. బాటిల్ స్క్రీచ్ కింద గీతలో ఏముందో మళ్ళీ చదువు: ఫ్లాష్‌బ్యాక్‌కి (గ్రేవ్‌యార్డునుంచి ఇంకోసారి వెయ్యడానికి) మానా అక్కర్లేదు, నీ దగ్గరున్న ట్యాప్ కాని (వాడినట్టు పక్కకి తిప్పని) మూడు తెల్ల జీవాల్ని ట్యాప్ చెయ్యాలి. తెల్లవి. డ్రాగన్ ఫాడర్, క్రెంకోస్ కమాండ్ ఇచ్చే గోబ్లిన్లు ఎర్రవి. నీ ముందు నలుగురు గోబ్లిన్లు ఖాళీగా నించున్నా స్క్రీచ్‌కి ఒక్కడూ పనికిరాడు. ట్రిప్లికేట్ స్పిరిట్స్ కాన్వోక్‌లో (మానాకి బదులు జీవాల్ని ట్యాప్ చెయ్యడం) కూడా అంతే, ఆ ఆరు మానాలో రెండు తెల్లవి ఉండాలి, ఎర్ర గోబ్లిన్ మామూలు మానా భాగానికే సాయం చేస్తాడు. పైగా ఆ గోబ్లిన్ల కోసం రెండో టర్నుకే ఎర్ర మానా కావాలని మౌంటెన్లు ఆరు పెట్టావు, వాటివల్లే నాలుగో టర్నుకి నీకు తెల్లవి రెండు దొరకట్లేదు. ఆ ఎనిమిది కార్డులూ తీసెయ్.

స్క్రీచ్ ఎలా పనిచెయ్యాలో చూడు. రెండో టర్నులో ఒక హాక్ గానీ ట్రావెలర్ గానీ ఉంది అనుకో. నాలుగో టర్నులో నాలుగు మానాకి స్క్రీచ్ వేస్తే రెండు ఎగిరే పిట్టలు దిగుతాయి. ఆ రెండు పిట్టలు, ఉన్న హాక్ కలిపి మూడు తెల్ల జీవాలు. వాటిని అక్కడికక్కడే ట్యాప్ చేసి ఫ్లాష్‌బ్యాక్ లాగెయ్యొచ్చు. అప్పుడే దిగిన జీవం ట్యాప్ కాకూడదు కదా అని చాలామంది ఆగిపోతారు, ఆ నిబంధన జీవం మీదే రాసున్న ట్యాప్ గుర్తు సామర్థ్యాలకీ దాడికీ మాత్రమే. ఇది మంత్రం అడిగే మూల్యం కాబట్టి అప్పుడే పుట్టిన పిట్టైనా పనికొస్తుంది. అంటే ఒకే కార్డుకి, ఒకే టర్నులో నాలుగు పిట్టలు. ఆ ఒక్క తెల్ల జీవం ముందే లేకపోతే రెండు పిట్టలతో సరిపెట్టుకోవాలి, అందుకే నీ మొదటి మూడు టర్నుల కార్డులన్నీ తెల్లగా ఉండాలనేది.

ఇంకో మంచి సంగతుంది. నీలం డెక్ వాడు స్క్రీచ్‌ని కౌంటర్ చేశాడనుకో (పనిచెయ్యకుండా ఆపాడనుకో), అది గ్రేవ్‌యార్డుకే పోతుంది. నీ దగ్గర తెల్లవి మూడు ఉంటే అక్కడ్నుంచి లాగెయ్, మానా కూడా అక్కర్లేదు. వాడు రెండోసారి కూడా కౌంటర్ చెయ్యాల్సిందే.

మొదట ఆడేవాడివైతే నాలుగో టర్నుకి పది కార్డులు చూస్తావు. నాలుగు స్క్రీచ్‌లలో కనీసం ఒకటి ఆ పదిలో ఉండే అవకాశం నూటికి 53 దాకా. ట్రిప్లికేట్ స్పిరిట్స్ నాలుగూ కలిపి ఎనిమిది కార్డులనుకుంటే నూటికి 79. కాబట్టి రెండూ నాలుగేసి ఉంచు, అక్కడ చెయ్యి పెట్టకు.

ర్యాలీ ది పెజంట్స్ రెండే పెట్టావేంటి? నువ్వు గెలిచేది ఆ కార్డుతోనే. దాడి చేస్తున్న జీవాలన్నిటికీ +2/+0, దాని ఫ్లాష్‌బ్యాక్ రెండు మామూలు మానా, ఒక ఎర్ర మానా. ఆరు మానా ఉన్న రోజు రెండూ ఒకే దాడిలో వేస్తే ఒక్కో పిట్టా 1 నుంచి 5 అవుతుంది. నాలుగు పిట్టలు, నాలుగైదులు ఇరవై. ఎదుటివాడి మొత్తం ప్రాణం అంతే! కింద 5/5 ఉంటే ఏంటి, 7/7 ఉంటే ఏంటి, పిట్టలు పైనుంచి పోతాయి. నీ డెక్కులో ఎరుపు ఉండాల్సింది ఈ ఫ్లాష్‌బ్యాక్ కోసం, ఆ బోల్ట్ కోసం, అంతవరకే.

నేనైతే ఇలా మారుస్తా: గోబ్లిన్ కార్డులు 8, గార్డియన్స్ ప్లెడ్జ్ 2 బయటికి. ర్యాలీ 2, ప్రిజ్‌మాటిక్ స్ట్రాండ్స్ 3, థ్రేబెన్ ఇన్‌స్పెక్టర్ 3, ల్యాండ్లు 2 లోపలికి. ల్యాండ్లు 22 అయ్యాయి కదా, అవి ప్లెయిన్స్ 12, క్రాగ్ 4, మౌంటెన్ 4, బోరోస్ గారిసన్ 2. గారిసన్ ఒక్కటే రెండు మానా ఇస్తుంది కాబట్టి అయిదు ల్యాండ్లతోనే ఆరు మానా చేరొచ్చు. ఇన్‌స్పెక్టర్ ఒక్క మానాకి తెల్ల జీవం, దాంతోపాటు ఒక క్లూ టోకెన్ ఇస్తుంది, ఖాళీ దొరికినప్పుడు రెండు మానా పెట్టి క్లూని పగలగొడితే ఒక కార్డు. ప్రిజ్‌మాటిక్ స్ట్రాండ్స్ ఎందుకో ఎవరైనా విడమరచి చెప్తారు, నాకు స్కూలుకి టైమైంది.

నాగావళి_అలలు (రాయగడ)

మాస్టారూ, లెక్కలు బావున్నాయి గానీ తెల్ల టోకెన్ డెక్ చూస్తే నాకు నిద్రొస్తుంది. ఆరో టర్ను దాకా ఎవడు ఆగుతాడండీ? బుల్లోడు తీసేసిన ఆ ఎనిమిది గోబ్లిన్ కార్డులు నాకిచ్చెయ్యమనండి. పూర్తిగా ఎర్రది కట్టి గోబ్లిన్ బుష్‌వ్యాకర్ నాలుగు పెడితే అసలు మజా ఉంటుంది. రెండో టర్నులో ఫాడర్, మూడో టర్నులో కమాండ్, నలుగురు గోబ్లిన్లు. నాలుగో టర్నులో ముందు ఇంకో ఫాడర్, మిగతా రెండు మానాకి బుష్‌వ్యాకర్ కిక్కర్‌తో (అదనపు మానా పెట్టి). అందరికీ హేస్ట్ (దిగిన టర్నులోనే దాడి), +1/+0. ఏడుగురు రెండేసి చొప్పున పద్నాలుగు. అడ్డం ఎవరూ లేకపోతే అక్కడికే సగానికి పైగా పోయింది. వేసే వరస మాత్రం మారకూడదు, బుష్‌వ్యాకర్ ముందు దిగి ఫాడర్ తర్వాత వేస్తే ఆ కొత్త ఇద్దరూ ఊరికే చూస్తూ కూర్చుంటారు.

కుల్దోతా రీబర్త్ కూడా పెడితే ఇంకా వేగం, ఒక్క మానాకి ముగ్గురు.

సిల్క్‌సిటీ_మాస్టారు (బరంపురం)

నాగావళీ, కుల్దోతా రీబర్త్ ఇప్పుడు లేదు బాబూ, 2025 మార్చి 31న పాపర్‌లో బ్యాన్ చేశారు. అది పెట్టుకుని ఇక్కడికొస్తే డెక్ చెక్‌లోనే ఆగిపోతావు. టోకెన్లని జనం తేలిగ్గా చూస్తారు గానీ పాపర్ బ్యాన్ లిస్టు ఒకసారి తిరగెయ్యి, 2013లో ఎంప్టీ ది వారెన్స్, 2021లో చాటర్‌స్టార్మ్, ఇప్పుడిది. చవగ్గా ఒకేసారి గుంపుని దింపే కార్డు ఏదైనా చివరికి ఆ లిస్టులోకే పోతోంది.

నువ్వు చెప్పిన బుష్‌వ్యాకర్ డెక్ చెడ్డదేం కాదు, కాకపోతే అది వేరే డెక్. బుల్లోడి దాంట్లో సగం అది, సగం ఇది అయ్యింది, అందుకే రెండూ పనిచెయ్యలేదు. ఇంకో మాట, సైడ్‌బోర్డులో (ఆటల మధ్య మార్చుకునే అదనపు కార్డులు) హోలీ లైట్ పెట్టుకునే తెల్ల డెక్కులు ఉంటాయి, తెలుపు కాని జీవాలన్నిటికీ -1/-1. నీ గోబ్లిన్లు మొత్తం ఒక్క కార్డుకి పోతారు. మన పిట్టలకి ఈకైనా రాలదు.

నాగావళి_అలలు (రాయగడ)

బ్యాన్ సంగతి చూసుకోలేదు, సర్లెండి. అయినా నాది ఎరుపే. ఒరే బుల్లోడా, ఆ ఫాడర్లు వచ్చే ఆదివారం పట్టుకురా, బదులుగా నా దగ్గర స్ట్రాండ్స్ రెండున్నాయి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

మాస్టారు వదిలేసిన స్ట్రాండ్స్ సంగతి నేను చెప్తాను, ఈ డెక్ నేనూ ఆడుతున్నాను, మా పాతపట్నం వైపు నుంచి వచ్చే ఇద్దరు ఎప్పుడూ ఎర్ర, నల్ల డెక్కులే తెస్తారు కాబట్టి ఊడ్చే కార్డుల బాధ నాకు బాగా తెలుసు.

ప్రిజ్‌మాటిక్ స్ట్రాండ్స్ మూడు మానా, ఇన్‌స్టంట్ (ఎవరి టర్నులోనైనా వెయ్యొచ్చు). ఒక రంగు చెప్తావు, ఆ టర్నంతా ఆ రంగు వాటినుంచి వచ్చే డ్యామేజీ మొత్తం ఆగిపోతుంది. దాని ఫ్లాష్‌బ్యాక్‌కి ఒక్క తెల్ల జీవాన్ని ట్యాప్ చేస్తే చాలు. అంటే నీ దగ్గర ల్యాండ్లన్నీ ట్యాప్ అయిపోయి ఉన్నా, స్ట్రాండ్స్ గ్రేవ్‌యార్డులో ఉండి ఒక పిట్ట నిటారుగా ఉంటే చాలు, ఎదుటోడు ఎలక్ట్రిక్కరీ వెయ్యగానే 'ఎరుపు' అంటావు, వాడి మూడు మానా గంగలో కలుస్తుంది. బ్రెత్ వెపన్‌కి కూడా ఇదే మందు. క్రిప్ట్ ర్యాట్స్ కూడా డ్యామేజీయే, 'నలుపు' అంటే సరి. ఒకే రంగు డెక్ వాడు అందరినీ దాడికి పంపినా ఆ దాడి మొత్తం ఉత్తదే అవుతుంది, నీ బ్లాకర్లు మాత్రం వాళ్ళని కొడతాయి, ఎందుకంటే ఆపింది వాళ్ళ రంగునే.

అది అన్నిటికీ పనిచెయ్యదని తెలిసుండాలి. సఫొకేటింగ్ ఫ్యూమ్స్ లాంటివి డ్యామేజీ కాదు, -1/-1 ఇస్తాయి, స్ట్రాండ్స్ వాటిని ఆపలేదు. అఫినిటీ అనే డెక్కులో మిర్ ఎన్‌ఫోర్సర్ లాంటి వాటికి రంగే ఉండదు, రంగు లేనిదాన్ని రంగుగా చెప్పడానికి లేదు. ఇలాంటి వాళ్ళకోసం సైడ్‌బోర్డులో వెటరన్ ఆర్మరర్ రెండు మూడు పెట్టుకో. రెండు మానాకి 2/2, మిగతా నీ జీవాలన్నిటికీ +0/+1. పిట్టలు 1/2 అయితే ఎలక్ట్రిక్కరీ గానీ ఫ్యూమ్స్ గానీ వాటిని ఏం చెయ్యలేవు. కాకపోతే ముందు ఆర్మరర్‌నే చంపి తర్వాత ఊడుస్తారు తెలివైనవాళ్ళు, అందుకని వాడి దగ్గర మానా అయిపోయిన టర్నులో దించాలి.

అసలు కిటుకు కార్డుల్లో కన్నా చేతిలో ఏం ఉంచుకోవాలన్న దాంట్లో ఉంది. టోకెన్ డెక్ పట్టుకున్న ప్రతివాడికీ ఉన్నదంతా బల్లమీద పరిచెయ్యాలని చెయ్యి దురద. ఎదుటి ఎర్ర డెక్ వాడు మూడు ల్యాండ్లు తెరిచిపెట్టి, అందులో రెండు ఎర్రవి ఉంచి, ఏం చెయ్యకుండా 'నీ టర్ను' అన్నాడంటే వాడి చేతిలో ఎలక్ట్రిక్కరీ ఉందనుకునే ఆడాలి. అప్పటికి నీ ముందు నాలుగు పిట్టలుంటే అవి చాలు, వాటితోనే కొడుతూ ఉండు, చేతిలో ఉన్న రెండో స్క్రీచ్‌ని దాచుకో. నాలుగు పిట్టలు టర్నుకి నాలుగు చొప్పున కొడుతుంటే వాడే కంగారు పడి ముందు వేస్తాడు. వేశాక నీ రెండోది దించు. రెండూ ముందే దించేస్తే వాడికి ఒక్క కార్డుకి ఎనిమిది పిట్టలు.

రైజ్ ది అలార్మ్ ఇన్‌స్టంట్ కదా, దాన్ని నీ టర్నులో వేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వాడి టర్ను చివర్లో వెయ్యి. వాడు సోర్సరీతో (సొంత టర్నులోనే వేసే మంత్రం) ఊడ్చే అవకాశం లేకుండా ఇద్దరు సోల్జర్లు దిగుతారు, నీ టర్ను రాగానే దాడికి వెళ్తారు, లేదా కాన్వోక్‌కి సాయపడతారు. మొదటి టర్ను ట్రావెలర్, రెండో టర్ను రెండు మానా వదిలేసి వాడి టర్ను చివర అలార్మ్, మూడో టర్నులో మూడు ల్యాండ్లు, ముగ్గురు తెల్ల జీవాలు కలిపి ఆరు, ట్రిప్లికేట్ స్పిరిట్స్! మూడో టర్నుకే మూడు ఎగిరే స్పిరిట్లు. అలా పడిన ఆటలు ఓడిపోవడం కష్టం.

పేర్ల సంగతి ఎవరూ పట్టించుకోరు, అదీ చూసుకో. నల్ల డెక్కుల్లో ఎకోయింగ్ డికే అని ఒకటుంది, ఒక జీవానికి, అదే పేరున్న మిగతా అన్నిటికీ -2/-2. నీలంలో ఎకోయింగ్ ట్రూత్ అదే పేరున్నవాటినన్నిటినీ చేతికి తిప్పికొడుతుంది, టోకెన్లకి అంటే చావే. పిట్టలది ఒక పేరు, సోల్జర్లది ఒక పేరు, స్పిరిట్లది ఒక పేరు. ట్రిప్లికేట్ ఇచ్చే మూడు స్పిరిట్లు, ట్రావెలర్ చచ్చినప్పుడు వచ్చే స్పిరిట్ అన్నీ ఒకే పేరు, ఒక్క దెబ్బకి నాలుగూ పోతాయి. కాబట్టి ముందు పిట్టలున్నప్పుడు తర్వాత దించేది స్పిరిట్లైతే మంచిది, పిట్టల మీద పిట్టలు కాదు. నలుపు, నీలం వాళ్ళతో ఆడేటప్పుడు మాత్రమే ఈ లెక్క, మిగతావాళ్ళతో ఏది ముందు దొరికితే అది.

వంశధార_బుల్లోడు (గుణుపురం)

అక్కా, మాస్టారూ, రెండుసార్లు చదివాను. ఈ ఆదివారం రాయగడలో మార్చిన డెక్‌తో ఆడాం. గోబ్లిన్లు తీసేశాక మానా బాధ నిజంగానే పోయింది. ర్యాలీ రెండువైపులా వేసి ఇరవై కొట్టడం కూడా జరిగింది, ఎదుటోడు కాసేపు నమ్మలేదు, కార్డు తీసుకుని మూడుసార్లు చదివాడు.

ఇంకో చిన్న ఇబ్బంది. మా దగ్గర అచ్చు టోకెన్ కార్డులు లేవు. చింతపిక్కలు పెట్టి ఆడుతున్నాం. ఏది ట్యాప్ అయిందో ఏది కాలేదో మాకే తెలీక గొడవలవుతున్నాయి. స్ట్రాండ్స్ ఫ్లాష్‌బ్యాక్‌కి 'ఆ పిట్ట ట్యాప్ అయిపోయింది కదా' అని ఒకడు, 'కాలేదు' అని నేను. పోటీలో ఎలా?

ఇంకోటి, క్రిప్ట్ ర్యాట్స్‌కి 'నలుపు' అని స్ట్రాండ్స్ వేశాననుకోండి, వాడు మళ్ళీ మానా పెట్టి ఇంకోసారి యాక్టివేట్ చేస్తే?

నాగావళి_అలలు (రాయగడ)

చింతపిక్కలు నావే, తిరిగిచ్చెయ్.

సిల్క్‌సిటీ_మాస్టారు (బరంపురం)

పోటీలో టోకెన్‌గా ఏం పెట్టుకున్నా పరవాలేదు గానీ ట్యాప్ అయిందో లేదో ఎదుటివాడికి చూడగానే తెలియాలి. చింతపిక్కలు, గవ్వలు, రూపాయి బిళ్ళలు అందుకు పనికిరావు. మా దగ్గర ఒకాయన సరదాకి ఇంట్లో ఉన్న గంజపా ముక్కలు తెచ్చాడు, చూడ్డానికి ఎంత అందంగా ఉన్నాయో! కానీ అవి గుండ్రంగా ఉంటాయి కదా, పక్కకి తిప్పినా తిప్పనట్టే ఉన్నాయి. మామూలు పేక ముక్కలు పట్టుకురా, పది రూపాయల పాత కట్టైనా చాలు. పిట్టలకి ఇస్పేట్లు, సోల్జర్లకి ఆఠీన్లు, స్పిరిట్లకి కళావర్లు అని ఆట మొదట్లోనే ఎదుటివాడికి చెప్పెయ్. మహేంద్రతనయ గారు చెప్పిన పేర్ల గొడవకి కూడా ఇది పనికొస్తుంది. వాటికి స్లీవులు వేస్తే నీ డెక్ స్లీవుల రంగు మాత్రం వెయ్యకు, కలిపేటప్పుడు ఒక ఇస్పేటు ఆసు డెక్కులోకి దూరిందంటే రభస. బస్టాండు దగ్గర హోటల్లో కూర్చుని మాత్రం ఆడకండి, బల్లమీద పేక ముక్కలు కనిపిస్తే డబ్బులాట అనుకుని యజమాని లేపేస్తాడు, ఎంత చెప్పినా వినడు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

ర్యాట్స్ ప్రశ్నకి జవాబు. స్ట్రాండ్స్ ఆ టర్ను పూర్తయ్యేదాకా పనిచేస్తుంది. వాడు అదే టర్నులో మళ్ళీ యాక్టివేట్ చేసినా, ఇంకో ర్యాట్స్ దించి చేసినా డ్యామేజీ సున్నా. ర్యాట్స్‌కి పెట్టే మానా నల్లదే అయ్యుండాలి కాబట్టి వాడి స్వాంపులు (నల్ల మానా ఇచ్చే ల్యాండ్లు) లెక్కపెట్టుకుంటూ ఉండు, అయిదు స్వాంపులు తెరిచి ఉన్నాయంటే పిట్టలే కాదు, నీ ప్రాణం కూడా అయిదు తగ్గుతుంది, ఎందుకంటే ఆ డ్యామేజీ ఆటగాళ్ళిద్దరికీ పడుతుంది. స్ట్రాండ్స్ నీ ప్రాణాన్నీ కాపాడుతుంది, వాడి ప్రాణాన్నీ కాపాడుతుంది. వాడు రెండు మూడు ప్రాణాల దగ్గర ఉండి తెగించి యాక్టివేట్ చేస్తే ఒక్కోసారి స్ట్రాండ్స్ వెయ్యకుండా వదిలెయ్యడమే మంచిది, వాడి చావు వాడే చస్తాడు. నీ ప్రాణం వాడికన్నా ఎక్కువుందో లేదో చూసుకుని మరీ వదులు.

వాడు ఆగి, తర్వాతి టర్నులో మళ్ళీ చేస్తే అప్పుడు ఫ్లాష్‌బ్యాక్ కావాలి, దానికి ట్యాప్ కాని తెల్ల జీవం ఒకటి కావాలి. నల్ల డెక్‌తో ఆడేటప్పుడు ఉన్న పిట్టలన్నిటినీ దాడికి పంపకు, ఒక సోల్జర్‌ని నిటారుగా వదిలెయ్. ఆ సోల్జర్ కింద నడిచేవాడే కదా, దాడికి వెళ్ళినా పెద్దగా ఒరిగేదేం లేదు. స్క్రీచ్ ఫ్లాష్‌బ్యాక్‌కి కూడా ముగ్గురు కావాలి కాబట్టి నాలుగో టర్నులో ఇద్దరు పిట్టలు, ఒక హాక్ ట్యాప్ చేశాక వాడి టర్నులో నీ దగ్గర నిటారుగా మిగిలేవి కొత్తగా దిగిన రెండు పిట్టలే. ఆ రెండిట్లో ఒకటి స్ట్రాండ్స్‌కి, ఇంకోటి బ్లాక్‌కి. ర్యాలీతో చంపే టర్నులో మాత్రం ఇదేం చూడకు, ఆ టర్నులో అందర్నీ పంపెయ్.